బొంత కుట్టు ఇల్లు – పంచాయతీకి ఒక ప్రశ్న

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మాకు ఇచ్చిన విషయము ‘గ్రామ పారిశుద్ధ్యము – ఇంటి బాధ్యత’ అనునది. ఈ విషయమును గురించి మా శాఖ పక్షమున కరపత్రములు పంచితిమి, గోడలపై వ్రాయించితిమి, సంతలలో మైకు పెట్టి చెప్పించితిమి. అట్టి కరపత్రములు కొన్ని చేతబట్టుకొని పల్నాటి సీమలోని ఒక చిన్న గ్రామమునకు వెళ్లినప్పుడు, బొంతలు కుట్టి జీవించుచున్న ఒక వృద్ధురాలు మమ్మొక ప్రశ్న అడిగెను. మా కరపత్రములో దానికి సమాధానము లేదు. మాయొద్దను లేదు. నేటి ప్రసంగమంతయు ఆ ప్రశ్నను గురించియే.

ఆమె ఇంటి వాకిట నిలిచి కరపత్రమును చదివి వినిపించితిమి. అందు మొదటి వాక్యము: “పనికిరాని వస్తువులను ఇంటినుండి తొలగించుడు.” ఆమె సూది ఆపి తలయెత్తి, “తీసేత్తాం బాబూ. తీసి ఎక్కడ పెట్టమంటారు? మా ఇంట్లోంచి తీసేత్తే పక్కోళ్ల వాకిట్లో పడుద్ది. వాళ్లు తీసేత్తే కాలవలో పడుద్ది. కాలవ ఊరందరిదీ కదా?” అనెను.

మేము వెంటనే బదులు చెప్పలేక పోతిమి. ఆమె మమ్ము కూర్చుండుమని పీట వేసెను. ఆ పూట అచ్చట గడపి, ఆమె ఇల్లును, పెరడును, పనిని చూచితిమి. అడిగిన ప్రశ్నకు తన ఇంటిమట్టుకు ఆమె సమాధానము ఏర్పరచుకొనియున్నదని అప్పుడు తెలిసినది. గడప దాటిన పిదపనే ఆ సమాధానము తెగిపోవుచున్నది. గడప దాటిన తరువాతి భాగము మీది.

బొంత అనగానేమి?

మీలో బొంతను ఎరుగనివారు ఉండరు. చలికాలమున కప్పుకొనియుందురు; బాలెంత పక్కలో పరచియుందురు. సంస్కృతమున దీనిని కంథ అందురు. వంగదేశమున నేటికిని కాంథా అను పేరుతోనే కుట్టుచున్నారు. కన్నడిగులు కౌది అందురు. మహారాష్ట్రులు గోధడి అందురు. పేరు ఏదైనను పని ఒక్కటియే. కట్టి కట్టి మెత్తబడిన పాతబట్టలను పొరలు పొరలుగా పరచి, వేల కుట్లతో ఒక్క వస్త్రముగా చేయుట.

దాని లెక్క వినదగినది. ఆరు గజముల చీర పొడవు 18 అడుగులు. దానిని మూడు మడతలు చేసినచో 6 అడుగుల పొడవు, ఇంచుమించు 3¾ అడుగుల వెడల్పు గల మూడు పొరలగును. అట్టి చీరలు రెండు చేరినచో ఆరు పొరలు. అనగా, విడిగా ఎవరును కొనని రెండు పాతచీరలు ఒక మనిషికి పక్కయు, కప్పును అగుచున్నవి.

పని ఆరంభము కుట్టుతో కాదు, ఉదుకుటతో. వచ్చిన బట్టలను వేడినీట బట్టల సోడా వేసి నానబెట్టి, ఉదికి, రెండు దినములు మంచి ఎండలో వేయును. ఇంటింటి బట్టయు కలియు పని గనుక గజ్జి మొదలగు అంటువ్యాధులు బట్టతో రాకూడదని ఆమె జాగ్రత్త. తరువాత ప్రతి చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూచును. నేత పలుచబడినచోట వెలుతురు దూసివచ్చును. అచ్చట మాసిక వేయును. గట్టిగానున్న భాగములను పైకిని క్రిందికిని, చివికిన భాగములను నడుమకును ఏర్పరచును.

పల్నాటిలో నాపరాయి పరచిన నేలలు సాధారణము. ఆ సమనేలపై పొరలను ముడుతలు లేకుండ పరచి, నాలుగు మూలలను బరువుతో అదిమిపెట్టును. మేము చూచిననాడు ఒక మూలను సన్నెకల్లు పొత్రము, ఒక మూలను ఇత్తడి చెంబు, తక్కిన రెండింటను రెండు ఇటుకలు ఉన్నవి. మొదట పొరలు జరుగకుండ అక్కడక్కడ పెద్ద కుట్లు వేయును. అంచులను లోనికి మడిచి కుట్టును. పిదప అంచు వెంబడి బయలుదేరి, చుట్టునకు లోపల చుట్టుగా, నడిమికి చేరువరకు సన్నని కుట్లు వేయుచు పోవును. నాలుగు పోగులను తొడపై పేని, మైనము రాచిన దారము, లావు సూది, పనిముట్లు ఇవియే.

బొంత వెచ్చగా ఉండుటకు కారణము బట్ట మందము మాత్రమే కాదు. పొరకును పొరకును నడుమ చిక్కుకొన్న కదలని గాలి శరీరపు వేడిని బయటికి పోనీయదు. కుట్లు ఆ పొరలను దగ్గరగా పట్టియుంచును గాని, పూర్తిగా అణచివేయవు. ఆ గ్రామము చుట్టును పత్తి చేలే. అయినను ఆమె బొంతలో దూది ఉండదు. ఎందుకని అడిగితిమి. “దూది పెడితే ఉతికేదెట్టా? ఉండలు కట్టుద్ది” అని జవాబు. పేదయింట పక్కబట్ట చెరువులో ఉతుకుటకును, సాయంకాలమునకు ఆరుటకును అనువుగా ఉండవలెను. ఆ అవసరమునకు తగినట్లే ఈ పని రూపొందినది.

తెల్లవారినది మొదలు

తెల్లవారకముందే ఆమె వాకిలి ఊడ్చును. ఊడ్చిన కసవును ఒక్కచోటికి నెట్టి వదలదు. ఆకులు, పేడ, కూరగాయ తొక్కలు పెరటి మూలనున్న గుంటలో పడును. పొయ్యి బూడిద ఒక డబ్బాలో చేరును. ప్లాస్టిక్ సంచులు, పాల కవర్లు కడిగి, చిలుకకొయ్యకు తగిలించిన గోతములో వేయును. ఈ పని అంతయు చూచుచు నిలుచున్న మాకు, తడి చెత్త, పొడి చెత్త అని మేము చెప్పబోవు పాఠము అప్పటికే జరిగిపోయినట్లు తోచినది.

ఆమె పెరడు పెద్దది కాదు. నాలుగు నులకమంచములు పట్టునంత చోటు. స్నానపు నీరు సన్నని కాలువగుండ రెండు అరటి పిలకలకు పోవును. పాత్రలు కడిగిన నీరు చేమదుంపల పాదుకు పోవును. వీధి కాలువకు ఆ ఇంటినుండి నీరు పోవుట అరుదు. గోడవారను మునగ, కరివేప. నడుమ తోటకూర మడి, గోంగూర మడి. ఒక ప్రక్క చిక్కుడు పందిరి. దానికి తొలకరిలో విత్తనము పెట్టినచో సంక్రాంతి నాటికి కాపు నిండుగా వచ్చును.

ఆ పందిరి వద్ద మేమొక విశేషము చూచితిమి. తీగను కర్రకు కట్టుటకు ఆమె పురికొస వాడలేదు. బొంతకు పనికిరాక మిగిలిన చీర అంచుల పేలికలతో కట్టినది. పురికొస లేతకాడను కోయును. మెత్తని పేలిక కోయదు. విత్తనములకు బూడిద కలిపి, మిగిలిన గుడ్డముక్కలతో కుట్టిన చిన్న సంచులలో పోసి, పొగ తగులునట్లు పొయ్యిపైన వ్రేలాడగట్టినది. చేతి వెడల్పు కూడ లేని ముక్కలు మసిగుడ్డలగును. దారపు తునకలు, నూలు పీచు పెరటి గుంటలో చేరి, ఆకులతోపాటు ఎరువగును.

రోజునకు ఒక మనిషికి కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నాలుగు మంచముల చోటు ఒక కుటుంబమునకు అంతటిని ఈయజాలదు. కాని వారమున మూడు నాలుగు దినములు ఆకుకూర కొనకుండ గడచును. ఆ మేరకు చేతిలో మిగిలిన పైకము పిల్లవాని పాలకు పోవును. ఈ సంగతి ఆమెయే లెక్కకట్టి చెప్పెను.

మధ్యాహ్నము భోజనమైన తరువాత పొద్దు వాలువరకు కుట్టు. చూపు తగ్గినది గనుక దీపము వెలుతురున కుట్టదు. సూదికి దారము మనుమడు బడికి పోవుటకు ముందే పది సూదులకు ఎక్కించి, గోడనున్న గుడ్డకు గుచ్చి పోవును. ఆ పది అయిపోయినచో నాటి పని ముగిసినట్లే.

దాచుట వేరు, పొదుపు వేరు

ఇంతవరకు విని, ఆ ఇల్లు మొదటినుండియు ఇట్లే ఉండెననుకొనరాదు. ఆమెయే మాతో ఆ మాట చెప్పెను. పాతబట్టకు విలువ తెలిసిన చేయి దేనినిగాని పారవేయలేదు. అటకపై విరిగిన కుర్చీ కాళ్లు, మూతలేని డబ్బాలు, తెగిన చెప్పులు, చిల్లుపడిన బిందెలు. పెరటిలో పగిలిన కాగు, ఒక పాత లారీ టైరు, కొబ్బరి చిప్పల గుట్ట. ప్రతిదానికిని ఒకటే మాట: “ఎప్పుడన్నా పనికొత్తది.”

కొన్నేండ్ల క్రిందట వానకాలమున ఆమె మనుమనికి జ్వరము వచ్చినది. రెండవ దినమున కన్నులవెనుక నొప్పి, ఒళ్లునొప్పులు. ఆసుపత్రికి తీసుకొనిపోగా డెంగ్యూ అనిరి. పిల్లవాడు అక్కడ వారము దినములు ఉండవలసివచ్చినది. ఆ వారములోనే ఆశా కార్యకర్త వచ్చి పెరటిలోని టైరును వంచి, అందులోని నీటిని తెల్లని గిన్నెలో పోసి చూపినది. నీటిలో పురుగులు మెలికలు తిరుగుచున్నవి. “మనవడికోసమని దాచుకున్నా. దాంట్లోనే వాడికి జబ్బు పెరిగింది” అని చెప్పునప్పుడు ఆమె కంఠము మారినది. పిల్లవాడు కోలుకొనెను. మేము వెళ్లిననాడు సూదులకు దారము ఎక్కించి పోయినవాడు అతడే.

ఈ సందర్భమున సభ్యులు కొన్ని విషయములు గుర్తుంచుకొనవలెను. డెంగ్యూను వ్యాపింపజేయు ఏడిస్ దోమ మురుగు కాలువలోకంటె మన ఇండ్లలోను, పెరళ్లలోను నిలిచిన తేటనీటిలోనే ఎక్కువగా గ్రుడ్లు పెట్టును. కొబ్బరి చిప్పలో నిలుచు నీరు దానికి చాలును. పగటివేళ కుట్టును. గ్రుడ్డునుండి రెక్కల దోమ అగుటకు వేడి దినములలో ఇంచుమించు 8 నుండి 10 దినములు పట్టును. అందువలననే వారమునకొకమారు నీటి పాత్రలన్నిటిని ఖాళీచేసి ఆరబెట్టవలెనని వైద్యులు చెప్పుచున్నారు. నీరు పారబోసిన మాత్రమున చాలదు. గ్రుడ్లు పాత్ర లోపలి గోడకు అంటుకొని, నీరు లేకున్నను నెలల తరబడి జీవించియుండగలవు. లోపల గట్టిగా తోమవలెను. ఈ దోమ పుట్టినచోటినుండి సాధారణముగా చాల దూరము ఎగిరిపోదు. కావున మీ వీధిలో ఒకరికి డెంగ్యూ వచ్చినచో, ఆ దోమ మీ వీధిలోనే పుట్టియుండవచ్చును.

పిల్లవాడు ఇల్లు చేరిన మరునాడు ఆమె అటకపైనున్నదంతయు దింపి వాకిట పోసినది. నాలుగు కుప్పలు చేసినది. తన చేతికి వచ్చునవి ఒకటి. కుట్టుకు వచ్చునవి రెండవది. తనకు అక్కరలేకున్నను ఇతరులకు వచ్చునవి మూడవది. ఎవరికిని రానివి నాలుగవది. ఒక సంక్రాంతినుండి మరు సంక్రాంతివరకు చేయి తగులని వస్తువును మొదటి రెండు కుప్పలలో ఉంచరాదని నియమము పెట్టుకొన్నది. మొదటి రెండు కుప్పలు ఇంటిలోనికి పోయినవి. మూడవదానిని చుట్టుప్రక్కలవారు తీసుకొనిపోయిరి. నాలుగవ కుప్ప వాకిటనే మిగిలిపోయినది.

దానిని ఏమిచేయవలెను? ఆమె ఆలోచించి, టైరును దొర్లించుకొనిపోయి పంచాయతీ కార్యాలయము మెట్లవద్ద నిలబెట్టి వచ్చినదట. అది అచ్చటనే పదకొండు దినములు ఉన్నది. నడుమ రెండు వానలు కురిసినవి. టైరులో మరల నీరు నిలిచినది. ఆమె మరల దొర్లించుకొని ఇంటికి తెచ్చి, అడుగున చిల్లులు పొడిచి, మన్ను నింపి, అందు బచ్చలి నాటినది. మేము ఆ బచ్చలిని చూచితిమి. బాగుగానే అల్లుకొన్నది. కాని అన్ని టైరులలోను బచ్చలి నాటలేము. “తీసి ఎక్కడ పెట్టమంటారు?” అను ప్రశ్న ఎక్కడినుండి వచ్చినదో అప్పుడు మాకు బోధపడినది.

మారిన బట్ట, తగ్గిన కూలి

మరియొక చిక్కు కూడ కలదు. పూర్వము ఇంటింట నూలు చీరలుండెడివి. నేడు చాలవరకు పాలిస్టరు. ఇది చెమటను పీల్చదు, పొర పొరపై జారును, కుట్టు బిగియదు. నిప్పురవ్వ పడినచో కరిగి ఒంటికి అంటుకొనును. కావున పొయ్యి దగ్గర పండుకొనువారికిని, పసిపిల్లలకును అట్టి బొంత కుట్టుటకు ఆమె ఒప్పుకొనదు. నూలుబట్ట మట్టిలో పడినచో కొన్ని నెలలలో చివికి మట్టియగును. పాలిస్టరు తరములు గడచినను పూర్తిగా మట్టిలో కలియదు. మన కాలువల తూములకు అడ్డుపడుచున్న చీరలను పారిశుద్ధ్య కార్మికులు కొక్కెములతో లాగుట మీరును చూచియుందురు. వానలకు వీధి మునిగినప్పుడు కాలువ చిన్నదని అందుము. తూములో ఇరుకుకొన్న చీరను గురించి ఎవరును మాటాడరు.

మిల్లు కంబళ్లు చౌకగా దొరకుటచే బొంత కుట్టించువారు తగ్గిరి. వినుటకు వింతగా ఉండును గాని, హర్యానాలోని పానిపట్టు పట్టణము పాత ఉన్ని బట్టలను చీల్చి, మరల నూలుగా వడికి, చౌక కంబళ్లు నేయుటకు ప్రసిద్ధి. పాతబట్టకు విలువ లేదనుట తప్పనుటకు ఇదియే నిదర్శనము. సేకరించి, వేరుచేసి, ఒక్కచోట చేర్చువారున్నచోట దానికి విలువ ఏర్పడుచున్నది. మన గ్రామములలో లోపించినది ఆ చేర్చు పనియే.

ఇక కూలి మాట. ఒక బొంతకు తనకు పన్నెండు మధ్యాహ్నములు పట్టునని ఆమె చెప్పెను. పూటకు 3 గంటలు వేసికొన్నను 36 గంటలు. ఎనిమిది గంటల దినముగా లెక్కించినచో నాలుగున్నర దినముల పని. కాని కుట్టించుకొనువారు, “బట్ట మాదే కదా, నీదేముంది? దారమే కదా” అని బేరము చేయుదురట. మిరపకోతకు పోయినచో నాలుగున్నర దినములకు వచ్చు కూలిలో సగము కూడ ఆమెకు ముట్టుట లేదు. మోకాళ్ల నొప్పులచే చేలకు పోలేదు గనుక ఒప్పుకొనుచున్నది. చేతిపనులను సభలలో పొగడి, వాకిటిలో బేరమాడుట మనకందరకు అలవాటైన దోషము. ఈ మాట మాకును వర్తించును.

పంచాయతీ చేయదగిన పనులు

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ వలన పదునొకండవ షెడ్యూలు ఏర్పడినది. అందు 29 విషయములు గలవు. పారిశుద్ధ్యము, ఆరోగ్యము అందున్నవి. ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు అందున్నవి. స్త్రీ శిశు సంక్షేమమును అందున్నది. ఆ వృద్ధురాలి ఇంటిలో ఈ మూడును ఒక్క కప్పుక్రింద ఉన్నవి. మన కాగితములలో మాత్రము మూడు దస్త్రములుగా ఉన్నవి. వీనిని ఒక్కచోటికి తేగల అధికారము పంచాయతీకి ఉన్నది. అందుకై కొన్ని సూచనలు మీముందు ఉంచుచున్నాము.

మొదటిది, నాలుగవ కుప్పకు ఒక చోటు. పగిలిన సామాను, టైర్లు, పాలిస్టరు గుడ్డలు, గాజు, డబ్బాలు తెచ్చి వేయుటకు కప్పుగల స్థలమొకటి నిర్ణయించుడు. చెత్తనుండి ఎరువు చేయు షెడ్డు మీ గ్రామమున ఉన్నయెడల అందులోనే ఒక మూల చాలును. నెలకొక దినము నియమించి దండోరా వేయించుడు. పాత సామాను కొనువారిని ఆ దినమునకే రప్పించుడు. కప్పు అవసరమని మరువరాదు. కప్పులేని టైర్ల గుట్ట దోమలకు మీరు కట్టించి ఇచ్చిన ఇల్లగును.

రెండవది, నూలుబట్టను వేరుచేయుట. నూలును, పాలిస్టరును గుర్తించుట స్త్రీలకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. 1982లో ప్రారంభమైన డ్వాక్రా పేరుతో నేటికిని పిలుచుకొనుచున్న మహిళా సంఘములు ప్రతి గ్రామమున గలవు. ఉదికిన నూలు చీరలను, ధోవతులను సంఘముద్వారా సేకరించి, బొంత కుట్టగల వారికి ఈయవచ్చును. రోగి వాడిన బట్టను వేడినీట ఉదికి, ఎండబెట్టిన పిదపనే తీసుకొనవలెను.

మూడవది, పనికి చోటు, పనికి వెల. బొంత పరచుటకు సమనేలయు, వెలుతురును కావలెను. చాల ఇండ్లలో అంత చోటు లేదు. పంచాయతీ భవనపు వసారా మధ్యాహ్నములందు ఖాళీగానే ఉండును. అది ఇచ్చిన నలుగురు కలసి కూర్చుండి కుట్టగలరు. వృద్ధుల విద్య పడుచులకు అబ్బును. వెలను గంటల లెక్కన సంఘమే నిర్ణయించవలెను. అంగన్‌వాడీలో మధ్యాహ్నము పండుకొను పిల్లలకు, గ్రామమున పుట్టిన ప్రతి శిశువునకు, మెత్తని నూలు బొంత ఒకటి ఈయ నిశ్చయించి, దాతలను కూడగట్టినచో పని నిలుచును.

నాలుగవది, పెరడు. ప్రతి ఇంటి స్నానపు నీటికి పెరటిలో రెండు అరటి చెట్లయినను చూపినచో వీధికాలువపై భారము తగ్గును. చోటులేనివారికి ఇంకుడు గుంట. తొలకరికి ముందొక దినము బడి ఆవరణలో విత్తనములు మార్చుకొను ఏర్పాటు చేయుడు. ఒకరి చిక్కుడు విత్తనము, ఒకరి సొర విత్తనము చేతులు మారినచో ఖర్చులేకయే పెరళ్లు నిండును.

ఐదవది, భోగి. పాతవానిని వదలుకొను పండుగ మనకున్నది. అది మంచి ఆచారము. కాని మన పెద్దలు మంటలో వేసినవి కట్టెలు, పిడకలు, తాటాకులు. నేడు పిల్లలు టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేయుచున్నారు. ఆ పొగలో విషవాయువులు గలవు. ముఖ్యముగా పసివారికి, ఉబ్బసము గలవారికి హాని. పండుగకు వారము ముందే ఇండ్లు సర్దుకొనుమని చెప్పి, మంటలో వేయరానివానిని షెడ్డుకు చేర్చుడు. అటకలు దింపుటకు ఆ వారముకంటె తగిన తరుణము వేరొకటి లేదు.

వీనికి పైకమెక్కడిదని మీరు అడుగవచ్చును. ఒక మూల చోటు, కొన్ని గోతములు, ఒక తక్కెడ, నెలకొక దినము. వీనిలో కొనవలసినవి కొద్ది. ముఖ్యముగా కావలసినది ఆ దినము తప్పకుండుట. ఒక నెల తప్పినచో రెండవ నెల కుప్ప కాలువలోనే పడును. మూడవ నెల మీ దండోరాను ఎవరును నమ్మరు.

పాత వస్తువులన్నియు బొంతలగునని మేము చెప్పుట లేదు. గ్రామమున పేరుకొనుచున్న బట్టలో కొద్దిపాలు మాత్రమే ఆ వృద్ధుల చేతికి ఎక్కును. కాని ఆ ఇంటిలోని పద్ధతి మిగిలినదానికంతటికి వర్తించును. చేతిలోని వస్తువును వదలుటకు ముందు అది పోవలసిన చోటు నిర్ణయమై యుండవలెను. మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవి. ఈ సభలో కూర్చున్న సోదరీమణులు ప్రతి దినము తమ వంటయింట చేయుచున్న ఏర్పాటునే గ్రామమంతటికి చేయుమని కోరుచున్నాము.

తిరిగి వచ్చిన పిదప మేము చేసినది స్వల్పము. ఆ కరపత్రమును మరల అచ్చువేయించునప్పుడు మొదటి వాక్యము క్రింద రెండు గీతలు ఖాళీగా విడువవలెనని పై అధికారులకు వ్రాసితిమి. వారు సమ్మతించిరి. నేడు మీకు పంచిన ప్రతులలో అవి ఉన్నవి. “మా గ్రామమున పాత వస్తువులు తెచ్చి ఈయవలసిన చోటు” అని ఒక గీత. “దినము” అని రెండవ గీత. వానిని మేము పూరింపలేము. మీ పంచాయతీ తీర్మానము చేసి, ఆ రెండు గీతలు నింపిన తరువాతనే కరపత్రములను ఇంటింట పంచుడు. నింపని కరపత్రము మరియొక చిత్తుకాగితమై, అదే కాలువలో పడును.